భీమిలి రోడ్డు మీద నేనెందుకు ఓడిపోయాను

(విశ్వకర్మ జయంతి రోజు విశాఖ గాజువాక ఆటోనగర్‌లో టూ వీలర్ మెకానిక్‌లు, రైడర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలున్నారు, పేర్లు మాత్రం చదవను. పోయినేడు ఒకాయన పేరు మర్చిపోయాను. ఇప్పటికీ ఆయన షాపు ముందు హారన్ కొడితే తలెత్తి చూడడు. పూజలో పెట్టిన పానాలు ఎవరివి వాళ్లు లెక్క చూసుకుని తీసుకెళ్లండి. నా పద్నాలుగో నంబరు రింగు పానా పోయినేటి పూజ నుంచి ఇంకా ఇంటికి రాలేదు.

నాకిచ్చిన టాపిక్ డైనో ట్యూనింగ్, ఎగ్జాస్ట్ (పొగ గొట్టం, సైలెన్సర్) మార్చి పవర్ పెంచడం. ఇరవై నిమిషాలన్నారు. మా అమ్మాయి చేత నాలుగు పేజీలు రాయించుకొచ్చాను. ఎంతవరకు చదువుతానో చూద్దాం.

డైనో అంటే ఏమిటి? మనలో చాలామంది వీడియోల్లో చూసినవాళ్లమే. బండిని బెల్టులతో కట్టేసి వెనక చక్రాన్ని బరువైన డ్రమ్ము మీద ఉంచుతారు. నాలుగో గేరులో పెట్టి ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తారు. డ్రమ్ము బరువెంతో మిషన్‌కి ముందే తెలుసు. ఆ డ్రమ్ము ఎంత త్వరగా వేగం అందుకుందో చూసి, చక్రం దగ్గర పవర్ ఎంతో లెక్క కడుతుంది. అంతే, ఇందులో మాయేమీ లేదు. ఒక గుర్రం, అంటే ఒక హార్స్‌పవర్, 75 కిలోల బరువును సెకనులో మీటరు ఎత్తు లేపడం. హార్బర్‌లో బస్తాలు మోసినవాళ్లు మనలో ఉన్నారు, అదెంత పనో వాళ్లకి తెలుసు.

కంపెనీ చెప్పే పవర్ క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) దగ్గరిది. గేర్ బాక్సు, చైను తమ వాటా తినేశాక చక్రం దగ్గరికి పది పదిహేను శాతం తగ్గి వస్తుంది. కస్టమర్ కాగితం చూసి "నా గుర్రాలు ఎవరు తిన్నారు" అంటే కంగారు పడకండి.

ఇక్కడే నా గోడు ఒకటి చెప్పుకోవాలి. కాగితంలో లేదు, అయినా చెప్తాను.

ఒక కుర్రాడి 650 ట్విన్, అదే రెండు సిలిండర్ల రాయల్ ఎన్‌ఫీల్డ్, నా దగ్గరికి వచ్చింది. కంపెనీ లెక్కలో 47 బీహెచ్‌పీ, అంటే 47 గుర్రాలు. చక్రం దగ్గర నలభై అటూ ఇటూ. సైలెన్సర్లు మార్చాలి, ఫిల్టర్ మార్చాలి, మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో బండి కంప్యూటర్‌లో ఉండే లెక్క) చేయించాలి అన్నాడు. సరే, బండిని వేరే ఊరు తీసుకెళ్లి డైనో ఎక్కించాం. ఊరు పేరు, షాపు పేరు అడక్కండి. మార్పులకు ముందు ఒక షీటు ఇచ్చారు, తర్వాత ఒక షీటు ఇచ్చారు. గుర్రమున్నర పెరిగింది! కుర్రాడు అక్కడే అందరికీ స్వీట్లు పంచాడు. నాకూ గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఇంటికొచ్చాక రాత్రి భోజనాలయ్యాయి, ఆ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. కింద మూలన చీమ తలకాయంత అక్షరాలు. మొదటి దాని మీద ఎస్ఏఈ అని ఉంది. రెండో దాని మీద ఎస్టీడీ అని ఉంది.

ఇది తెలియనివాళ్లు కాస్త దగ్గరగా జరిగి వినండి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచని గాలిలో ఇంజిన్ తక్కువ పవర్ ఇస్తుంది. అందుకని మే నెలలో మన ఉక్కపోతలో తీసిన రీడింగునూ, డిసెంబరులో తీసినదాన్నీ పోల్చడానికి, రెండిటినీ ఒకే వేడి గాలిలో తీసినట్టు మార్చే ఒక లెక్క పెట్టుకున్నారు. ఎస్ఏఈ లెక్క 25 డిగ్రీల గాలికి. పాతదైన ఎస్టీడీ లెక్క సుమారు 15 డిగ్రీల గాలికి. బండి అదే, పరుగు అదే, కానీ ఎస్టీడీ నొక్కితే నాలుగు శాతం ఎక్కువ కనిపిస్తుంది. నలభైకి నాలుగు శాతం ఎంత? గుర్రమున్నర! మేం డబ్బులు పోసి కొన్నది కంప్యూటర్లో ఒక మౌసు నొక్కు, బాబూ.

ఫోన్ చేశాను. పొరపాటున నొక్కి ఉంటారు అన్నారు. అయ్యుండొచ్చు. ఆ కుర్రాడికి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. స్వీట్లు పంచాడు కదా.

అందుకే చెప్తున్నాను, రెండు షీట్ల మీదా ఒకటే లెక్క ఉందో లేదో చూడండి. టైరులో గాలి ఒకేలా ఉండాలి, బెల్టు బిగువు ఒకేలా ఉండాలి, ఇంజిన్ వేడి ఒకేలా ఉండాలి, పరుగు మూడుసార్లు తీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క బోల్టు విప్పకముందు మొదటి రీడింగు తీయాలి. సైలెన్సర్ మార్చేసి డైనో ఎక్కించి "ఇదిగో ఇంత వచ్చింది" అంటే, ఇంతకుముందు ఎంతుందో ఎవరికి తెలుసు?

ఇప్పుడు సైలెన్సర్ సంగతి. అసలు నేను ఇక్కడికి వచ్చింది దీని కోసమే.

1993. నాకు ఇరవై ఏళ్లు. కంచరపాలెంలో మా మేస్త్రి దగ్గర పని. చేతికి ఒక పాత ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, 11 గుర్రాలు. మా బావ దగ్గరా అదే బండి. తనది కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. నేను ఊరుకుంటానా? రాత్రి మేస్త్రి వెళ్లిపోయాక సైలెన్సర్ వెనక భాగం కోసేశాను. లోపలి రేకులన్నీ పీకేసి, తిన్నగా ఒక గొట్టం వెల్డింగు పెట్టేశాను. స్టార్ట్ చేస్తే వీధి చివరి కుక్కలు కూడా లేచి నిలబడ్డాయి. ఆ చప్పుడు వింటే విమానం తయారు చేశానని అనిపించింది.

భీమిలి రోడ్డు మీద ఋషికొండ నుంచి మంగమారిపేట దాకా పందెం పెట్టుకున్నాం. అప్పట్లో ఆ రోడ్డు ఇప్పటిలా లేదు, సన్నంగా ఉండేది. తెల్లవారుజామున అయిదింటికి ఒక్క మనిషి లేడు. (మీరు చేయకండి. మాకు బుద్ధి లేదు, బతికి బయటపడ్డాం.) తొట్లకొండ కిందికి వచ్చేసరికి బావ నన్ను దాటేశాడు. చప్పుడంతా నాది, రోడ్డంతా తనది. మంగమారిపేటలో నేను వెళ్లేసరికి బండికి స్టాండ్ వేసి పళ్లు తోముకుంటున్నాడు. క్లచ్ జారిందిరా అన్నాను. పాతికేళ్లు అదే మాట మీదున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ బండికి, ఫోర్ స్ట్రోక్‌లో లాగా పొగ దారిని మూసే వాల్వు ఉండదు. కాలిన పొగ బయటికి పోయే దారీ, కొత్త పెట్రోలు గాలి లోపలికి వచ్చే దారీ కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. కొత్త సరుకులో కొంత ఆ పొగతో పాటే బయటికి జారిపోతుంది. దాన్ని వెనక్కి తోసేది ఎవరు? ఆ పైపే! పొగతో పాటు ఒక ఒత్తిడి అల వెళ్తుంది. పైపు వెడల్పయ్యే చోట ఆ అల తిరగబడి లోపలి పొగను బయటికి లాగుతుంది. మళ్లీ సన్నబడే చోట తగిలి వెనక్కి వచ్చి, జారిపోతున్న పెట్రోలును సిలిండర్లోకి నెడుతుంది. మన బీచ్‌లో గోడకి కొట్టిన అల వెనక్కి రావడం చూశారు కదా, అలాగే. నేను ఆ రాత్రి కోసి పారేసింది సరిగ్గా ఆ గోడనే.

దీన్ని లెక్కగా పట్టుకున్నది తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961 నాటికే 125 సీసీ నుంచి 25 గుర్రాలు తీశాడు. లీటరుకు 200 అన్నమాట. ఆ ఏడాదే ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పారిపోయి సుజుకిలో చేరాడు, ఆ విద్యా తనతో తీసుకెళ్లాడు. 1962లో సుజుకికి 50 సీసీ ప్రపంచ టైటిల్ వచ్చింది. ఒక పైపు ఆకారం కోసం మనిషినే దేశం దాటించారు. నేనేమో హాక్సా బ్లేడుతో అరగంటలో తీసిపారేశాను.

ఫోర్ స్ట్రోక్‌లో కథ మెత్తగా ఉంటుంది గానీ, కథ అదే. ఎగ్జాస్ట్ వాల్వు (పొగ పోయే తలుపు) పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు (గాలి వచ్చే తలుపు) తెరుచుకుంటుంది. ఆ కాస్త సమయంలో వేగంగా పోతున్న పొగ కొత్త గాలిని లాగుతుంది. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండ్ పైపు మరీ లావు పెడితే పొగ వేగం పడిపోతుంది, లాగడం తగ్గుతుంది. దీన్నే మనవాళ్లు "బ్యాక్ ప్రెషర్ కావాలి" అంటారు. కావలసింది ఒత్తిడి కాదు, వేగం.

లోపలి జాలీ పీకేసిన బుల్లెట్‌కి పై రౌండ్లలో అర గుర్రం పెరగొచ్చు. కొత్త బుల్లెట్ 350కి గరిష్ఠ పవర్ 6100 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే రౌండ్లు) దగ్గర, గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 27 న్యూటన్ మీటర్లు 4000 దగ్గర. ఊళ్లో జగదాంబ జంక్షన్ నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ దాకా మీరు ఎన్నిసార్లు 6000 తాకుతారు? నిజం చెప్పండి. మీరు రోజూ తిరిగేది 3000 దగ్గర. అక్కడ డైనో గ్రాఫ్‌లో గొయ్యి పడితే, అంటే పవర్ తగ్గిపోతే, ఆ అర గుర్రాన్ని ఏం చేసుకుంటారు?

పెట్రోలు సంగతి కూడా చూడాలి. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్లు గాలి ఉంటే మొత్తం కాలుతుంది. ఫుల్ పవర్‌కి మాత్రం 13 దగ్గర ఉండాలి. పైపు, ఫిల్టర్ మార్చి మ్యాప్ వదిలేస్తే ఫుల్ యాక్సిలరేటర్లో గాలి ఎక్కువై ఇంజిన్ ఎండిపోతుంది. ప్లగ్గు తెల్లబడుతుంది, బెండ్ పైపు నీలం తిరుగుతుంది, ఆ తర్వాత పిస్టన్ వంతు. 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో, పొగలో ఆక్సిజన్ ఎంతో చూసే సెన్సార్ మామూలు వేగాల్లో పెట్రోలును సర్దుతుంది. ఫుల్ ఇచ్చినప్పుడు దాని మాట చెల్లదు. డైనో అసలు పని అక్కడే. సెన్సార్ పెట్టి, ప్రతి ఆర్‌పీఎం దగ్గరా పెట్రోలు ఎంతో చూసి సరిదిద్దడం. మంచి ట్యూనింగ్‌కి పెద్ద అంకెలు రావు, గొయ్యిలు పూడుతాయి. కస్టమర్‌కి ముందే చెప్పండి. సింగిల్ సిలిండర్‌లో ఒకటి రెండు గుర్రాలు నిజంగా వస్తే అది పండగే.

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా) పీకమనేవాళ్లు వస్తారు. పీకకండి. చప్పుడుకీ పొగకీ మోటారు వాహనాల చట్టం 190(2) కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి, మూడు నెలలు లైసెన్సూ పోతుంది. పోలీసులు సైలెన్సర్లు రోడ్డు మీద పరిచి రోలర్ తోలించినప్పుడు మీరంతా వీడియో షేర్ చేశారు. అందులో రెండు మన ఆటోనగర్ వెల్డింగే, నేను గుర్తుపట్టాను.

టైమ్ అయిపోయిందని చెయ్యి ఊపుతున్నారు. ఇంకా రెండున్నర పేజీలున్నాయి, పోనివ్వండి. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. కొన్నేళ్ల కిందట ఆ పాత ఆర్‌ఎక్స్‌ని, అదే కోసిన సైలెన్సర్‌తో, డైనో మీద పెట్టించాను. తర్వాత కంపెనీ సైలెన్సర్ బిగించి మళ్లీ పెట్టించాను. ఈసారి రెండిటి మీదా ఎస్ఏఈ అని ఉందో లేదో ముందే చూసుకున్నాను. కంపెనీదే గెలిచింది, మొదటి నుంచి చివరిదాకా. క్లచ్ రెండుసార్లూ ఒకటే.

మూడో వరసలో గళ్ల చొక్కా వేసుకుని నవ్వుతున్నాడు చూడండి, ఆయనే మా బావ. పందెం మురీ మిక్చర్, ముప్పై ఏళ్ల బాకీ. బావా, మీటింగ్ అయ్యాక ఆర్‌కే బీచ్‌కి పద. నీ బండి మీదే వెళ్దాం.