పుట్ట దగ్గర మొక్కు, టీవీలో పగ

అల్లుడు: నమస్కారమండి. అమలాపురం నుంచి మాట్లాడుతున్నాం. దెయ్యాలు, నాగకన్యలు, మంత్రగాళ్లు ఉండే సీరియళ్లలో దేవుణ్ణీ భక్తినీ ఎలా చూపిస్తున్నారన్నది ఈ రోజు మాట. మా మేనత్త పక్కనే ఉంది. ఇలాంటివి ఒక్కటీ వదలదు. అత్తా, మొదలెట్టు.

అత్త: ముందు నాగిని సంగతి చెప్తానురా. 2015 నవంబరులో కలర్స్ ఛానల్లో హిందీలో మొదలైందే, ఆ సీరియల్. కోరిన రూపం ఎత్తే ఇచ్ఛాధారి నాగిని, శివాలయం, నాగమణి, అమ్మానాన్నల్ని చంపినవాళ్ల మీద పగ. శివుడు కథ నిండా ఉంటాడు. కానీ ఆయనకి అక్కడ పనేంటి? ఆ పిల్ల పగ తీర్చుకుంటుంటే చూస్తూ కూర్చోవడమే. హారతి వెలిగిందంటే ఇక ఎవడో చస్తాడని మనకి తెలిసిపోతుంది.

అల్లుడు: మరి మన నాగుల చవితి?

అత్త: అదే నా బాధ. కార్తీకంలో తెల్లారకుండానే తలస్నానం చేసి, చలిమిడీ చిమ్మిలీ పట్టుకుని చేలగట్ల వెంబడి పుట్ట దగ్గరికి వెళ్తాం. పాలు పోస్తాం. పుట్టమన్ను చెవులకి రాసుకుంటాం. అక్కడ మనం అడిగేదేంటి? చేలో తెలియక నీ మీద కాలు వేస్తే కోపం పెట్టుకోకు నాయనా అని. వరి కోతల్లో పాము నిజంగా కాళ్లకి అడ్డం వచ్చే ఊళ్లు ఇవి. ఆ భయంలోంచే ఆ మొక్కు పుట్టింది. నీ చోటు నీది, నా చోటు నాది, ఇద్దరం బతుకుదాం అన్న ఒప్పందం అది. సీరియల్ వాళ్లు భయం ఒక్కటే తీసుకున్నారు. వేడుకోవడం వదిలేశారు.

అల్లుడు: అమెరికా వాళ్లదీ ఒకటుంది అత్తా. సూపర్‌నేచురల్ అని, 2005లో మొదలై 2020 దాకా నడిచింది. పదిహేను సీజన్లు, 327 ఎపిసోడ్లు. శామ్, డీన్ అని ఇద్దరు అన్నదమ్ములు దెయ్యాల్ని వేటాడుతుంటారు. ఉప్పు, పవిత్ర జలం, లాటిన్ మంత్రం వాళ్ల సరంజామా. అందులో అయిదో సీజన్‌లో, 2010లో, ఒక ఎపిసోడ్ ఉంది. రకరకాల మతాల దేవుళ్లంతా ఒక హోటల్లో కలుస్తారు. కాళీ, వినాయకుడూ అక్కడే ఉంటారు. ఆ దేవుళ్లు మనుషుల్ని తింటారు. చివర్లో లూసిఫర్, అంటే సైతాను, వచ్చి వినాయకుణ్ణి చంపేస్తాడు.

అత్త: వినాయకుడు మనుషుల్ని తినడమేంట్రా! మన ఐనవిల్లి వినాయకుడి గుడిలో పెన్నులతో స్వామికి అర్చన చేసి, వాటిని పరీక్షలు రాసే పిల్లలకి పంచుతారు. ఆయనతో మనకున్న చుట్టరికం అలాంటిది. తమ దేవుడు ఒక మెట్టు, మిగతావాళ్ల దేవుళ్లు భూతాల మెట్టు అని ముందే రాసి పెట్టుకున్నారన్నమాట.

అల్లుడు: ఆ ఎపిసోడ్ నాకూ నచ్చలేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. వాళ్లు తమ దేవుణ్ణీ వదల్లేదు. కథలో చక్ అని ఒక రచయిత ఉంటాడు. పదకొండో సీజన్‌లో ఆయనే దేవుడని తేలుతుంది. చివరి సీజన్‌లో ఆయనే విలన్. మమ్మల్ని పుట్టించి, కష్టాల్లో పెట్టి, వేడుక చూస్తున్నావా అని ఆ అన్నదమ్ములు నిలదీస్తారు. అది నాకు గట్టిగా తగిలింది.

అత్త: నిలదీయడం తప్పని నేననను. ఇదే గోదావరి ఒడ్డున భద్రాచలం గుడి కట్టించిన రామదాసు రాముణ్ణి తిట్టలేదూ? గోల్కొండ చెరలో పడేశారని, నగలు చేయించానని లెక్కలు చెప్పి మరీ తిట్టాడు. కానీ తిట్టి వదిలేసి పోలేదు. ఆ కోపం భక్తిలోదే. మీ వాళ్ల కథలో దేవుణ్ణి ఓడించేస్తే గానీ కథ ముగియదు కదా.

అల్లుడు: దెయ్యం వదిలించే సీన్ల గురించి కూడా చెప్పాలి. కథలో ఫాదర్ గారు సిలువ పట్టుకుని తలుపు తోసుకుని లోపలికొచ్చేస్తారు. నిజానికి కాథలిక్కు చర్చిలో దానికి 1614 నాటి పద్ధతి ఉంది, 1999లో దాన్ని సవరించారు. బిషప్ అనుమతి లేకుండా చేయకూడదు. ముందు ఆ మనిషిది జబ్బేమో డాక్టర్ల చేత చూపించాలి.

అత్త: ఆ డాక్టర్ ముక్క మన సీరియళ్లలోనూ చూపించాలిరా. ఒంటి మీద స్పృహ లేని పిల్లని వేపమండలతో కొడుతుంటే వెనక ఢంకా వాయిస్తారు. చూసేవాళ్ల ఇంట్లో నిజంగా మతి చెడిన పిల్ల ఉంటే ఏమవుతుంది? ఆసుపత్రికి పోవాల్సిన బండి మంత్రగాడి ఇంటికి పోతుంది.

అల్లుడు: మూఢనమ్మకాల్ని ప్రోత్సహించే కార్యక్రమం వేయకూడదని 1994 కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోనే ఉంది. కథంతా కల్పితమని మొదట్లో ఒక లైను వేసి సరిపెట్టేస్తున్నారు.

అత్త: ఇంకోటి. ఆ కథల్లో భక్తి ఎప్పుడూ ఒంటరిదే. ఒక కథానాయిక, ఒక విగ్రహం, ఒక శత్రువు. ఊరు ఉండదు. కనుమ నాడు మన కోనసీమలో జగ్గన్నతోట తీర్థం చూడు. అక్కడ గుడి లేదు, కొబ్బరితోట. పదకొండు ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల్ని ప్రభల మీద, అంటే వెదుళ్లతో కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన చట్రాల మీద, మోసుకొస్తారు. గంగలకుర్రు ఊరి ప్రభలు కౌశిక కాలువ దాటాలి. కుర్రాళ్లు పీకల్లోతు నీళ్లలో భుజం మార్చుకోకుండా మోస్తారు. పచ్చని చేలో అడుగేసి పోతుంటే, నాటిన చేను తొక్కారని రైతు ఒక్క మాట అనడు. స్వామి నా చేలోంచి నడిచాడంటాడు. ఇందులో లేని ఉత్కంఠ ఏ సీరియల్‌లో ఉంది?

అల్లుడు: మరి భయం లేకపోతే దెయ్యాల కథ ఎలా అవుతుంది అత్తా?

అత్త: భయం ఉండనీరా. ప్రభ నీళ్లలో ఒరిగితే ఏమవుతుందోనని గట్టు మీద ఆడవాళ్లంతా చేతులు జోడించి నిలబడతారు. ఆ భయం రాయమను. అమ్మవారి రూపంగా నెత్తిన మోసుకొచ్చే గరగలు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు అమ్మవారి కాళ్లకి బిందెడు నీళ్లు పోస్తామే, అప్పుడు ఒళ్లు జలదరిస్తుందే, అది రాయమను. ఇలాంటి కథలు రాసేవాళ్లు ఎవరైనా వింటుంటే చెప్తున్నా, కనుమకి రండి. భోజనం మా ఇంట్లోనే.