కాగితంతో నింజా కత్తి

(విశాఖపట్నంలో వేసవి శిబిరానికి వచ్చిన పిల్లలు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

పిల్లలకూ, వాళ్లని తీసుకొచ్చిన అమ్మానాన్నలకూ, అమ్మమ్మలకూ, తాతయ్యలకూ నమస్కారం.

ఈ రోజు ఏం చేద్దామర్రా అని అడిగితే సగం మంది ఒకే గొంతుతో "నింజా కత్తి మాస్టారూ" అన్నారు. వెనక వరసలో కొందరు పెద్దవాళ్ల ముఖాలు మారాయి. పువ్వో పడవో నేర్పక కత్తి ఏమిటని వాళ్ల టెన్షన్. నాకు అది అర్థమవుతుంది. కానీ పిల్లలు మనసు పడ్డ వస్తువునే చేయిస్తే, మడత వంకరపోయినా విసుక్కోకుండా విప్పి మళ్లీ మడుస్తారు. మనకి నచ్చింది చేయమంటే మూడో మడత దగ్గర లేచిపోతారు. అందుకే నేను కత్తికే ఓటేశాను.

వీళ్లు అడిగే కత్తి పేరు కునై. జపాన్ కార్టూన్లలో నింజాలు విసిరేది అదే. ఆకులాంటి అలుగు, సన్నని పిడి, పిడి చివర ఒక రింగు. కార్టూన్ల సంగతి అలా ఉంచితే, అసలు కునై పనివాళ్ల చేతిలోది. మట్టి తవ్వడానికి, గోడ పెళ్లలు ఊడదీయడానికి వాడిన మొరటు ఇనప పనిముట్టు. మన గునపానికి చిన్న తమ్ముడు అనుకోండి. రింగు ఉన్నది తాడు కట్టుకోవడానికి. జపాన్‌లో ఇగా, కోగా అనే ప్రాంతాలు నింజాలకి పేరు. వాళ్లు ముఖ్యంగా గూఢచారులు. కోటలోకి దూరడం, కనబడకుండా బయటపడడం వాళ్ల విద్య. అలాంటివాళ్లకి తవ్వే పనిముట్టు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

ఇక కాగితం. జెరాక్స్‌కి వాడే మామూలు ఏ4 కాగితం ఒక్కటి చాలు. 80 జీఎస్ఎం కాగితమైతే దాని బరువు దాదాపు 5 గ్రాములు. చదరపు మీటరు 80 గ్రాములు తూగుతుంది, ఏ4 అందులో దాదాపు పదహారో వంతు. లెక్క మీరే వేసుకోండి.

ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7. ఒక మూల పట్టుకుని, పొట్టి అంచు పొడుగు అంచు మీద కూర్చునేలా ఏటవాలుగా మడవండి. కింద 8.7 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. దాన్ని అటూ ఇటూ మడిచి, గోటితో గీసి, స్కేలు పెట్టి చింపేయండి. కత్తెర అక్కర్లేదు. పట్టీ పారేయకండి, పిడి దానితోనే. ఇప్పుడు మీ చేతిలో నలుచదరం ఉంది, దాని మధ్యలో ఏటవాలు మడత ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇంకో ఏ4 కాగితం తీసుకుని దాని పొడుగు అంచుని ఈ ఏటవాలు మడత మీద పెట్టి చూడండి. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతుంది. ఏ4ని సగానికి మడిస్తే వచ్చే ఏ5కి కూడా అవే నిష్పత్తులు ఉండాలని ఈ కొలతలు పెట్టారు. అలా ఉండాలంటే పొడవు వెడల్పుకి రూట్ రెండు రెట్లు ఉండాలి. చదరానికి కర్ణం కూడా భుజానికి రూట్ రెండు రెట్లే. తొమ్మిదో తరగతి పిల్లలు ఇది పుస్తకంలో చదివే ఉంటారు. చేత్తో పట్టుకుని చూసినప్పుడు కలిగే ఆనందం వేరు.

ఏటవాలు మడతకి రెండు కొసలున్నాయి. ఒకటి మొన, రెండోది తోక. మొన దగ్గరి రెండు అంచులనీ మధ్యగీత మీదికి తెచ్చి మడవండి. గాలిపటం ఆకారం వస్తుంది. తోక వైపు కూడా అలాగే మడిస్తే సన్నని డైమండ్ అవుతుంది. మళ్లీ మొన దగ్గరి రెండు అంచులనీ మధ్యగీతకి తెండి. ఇప్పుడు ముందు భాగం 20 సెంటీమీటర్ల పొడవున సన్నగా సాగుతుంది, వెనక పది సెంటీమీటర్లకి కాస్త తక్కువగా భుజాలు నిలుస్తాయి. అదే కునై అలుగు. మధ్యగీత వెంట కొద్దిగా నొక్కితే వెన్నులా లేచి గట్టిపడుతుంది.

మూల ముందు 90 డిగ్రీలు, తర్వాత 45, ఆ తర్వాత ఇరవై రెండున్నర. కోణమానిని ముట్టుకోకుండానే కోణాన్ని రెండుసార్లు సగం చేశారు. ఇదేదో కొత్తగా కనిపెట్టిన బోధన కాదు. 1893లో మద్రాసులో టి. సుందరరావు గారు కేవలం కాగితం మడతలతో జ్యామితి చెప్పే పుస్తకం ఇంగ్లీషులో వేశారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని తన రచనలో ప్రస్తావించాక అది ప్రపంచమంతా తిరిగింది. జపాన్‌లో కాగితం మడతల కళని ఓరిగామి అంటారు. అందులో పేరుపడ్డ అకిరా యోషిజావా ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో తోటివాళ్లకి జ్యామితి అర్థం కావడానికి ఓరిగామినే వాడారు. ఈ రోజు మడతల బొమ్మల్లో కనిపించే చుక్కల గీతలు, బాణం గుర్తులు ఆయన పెట్టిన పద్ధతి నుంచి వచ్చినవే. మన దగ్గర లెక్కల పీరియడ్‌లో కాగితం మడిస్తే ఇప్పటికీ తిడతారు. అది నాకు బాధగా ఉంటుంది.

పిడి సులువు. పట్టీలోంచి రెండు సెంటీమీటర్ల వెడల్పు ముక్క రింగుకి తీసి, మిగతాది పెన్సిల్ మీద పొడవునా బిగించి చుట్టండి. చివర అంటించి పెన్సిల్ లాగేయండి. గొట్టాన్ని తోక మధ్యగీత మీద పడుకోబెట్టి, రెండు వైపులా కాగితాన్ని దాని మీదికి తిప్పి అంటించండి. ఫెవికాల్ లేకపోతే ఉడికించిన మైదా జిగురు చాలు. పిన్నులు మాత్రం వద్దు. పిడి పిడికిలికి సరిపడా ఉంచి, రెండో ముక్కని వేలికి చుట్టి రింగు చేసి చివర పెట్టండి.

మన ఊరి గాలి గురించి ఒక మాట. సముద్రం పక్కన ఉన్నాం, కాగితం తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, మడత నిలవదు. కట్ట విప్పాక కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. ప్రతి మడతనీ గోటితో రెండుసార్లు గీయండి. కాగితానికి పోగు ఉంటుందని కూడా తెలుసుకోండి. న్యూస్‌పేపర్‌ని నిలువుగా చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. మిషన్ మీద తయారయ్యేటప్పుడు నార అంతా ఒకే దిశలో సర్దుకుంటుంది, అందుకని. పోగు వెంట మడత చక్కగా కూర్చుంటుంది, అడ్డంగా మొరాయిస్తుంది. మన అలుగుకి మడతలన్నీ ఏటవాలే కాబట్టి గోరు గట్టిగా పనిచేయాలి.

పెద్దవాళ్లకి నా విన్నపం ఒకటే. పిల్లల చేతిలోంచి కాగితం లాక్కోకండి. అంచు ఒక మిల్లీమీటరు తప్పితే మొన దగ్గర నాలుగు పొరలయ్యేసరికి ఆ తప్పు పెద్దదై కనబడుతుంది. అది వాళ్ల కంటికే కనబడాలి. మీరు సరిచేసి ఇస్తే చక్కటి కత్తి వస్తుంది గానీ వాళ్ల వేళ్లకి ఏమీ తెలియదు. ఎటికొప్పాక లక్కబొమ్మలు చేసేవాళ్ల చేతులు అంకుడు కర్ర మీద ఎలా నడుస్తాయో చూసినవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు.

విసిరే ముందు మొనని ఒక సెంటీమీటరు లోపలికి మడిచి అంటించాలి. ఇది తప్పనిసరి. కాగితమైనా కంట్లో గుచ్చుకుంటే ప్రమాదమే. మనిషి మీదికి ఎవరూ విసరకూడదు. బట్టల తీగకి న్యూస్‌పేపర్ వేలాడదీసి దాని మీదికి విసరండి. బీచ్ రోడ్డులో వద్దు, ఆ గాలికి ఎటు పోతుందో తెలియదు. ముందు కత్తిని వేలి మీద నిలబెట్టి చూడండి. నిలిచే చోటు నడిమికి కాస్త ముందుండాలి. వెనక్కి ఉంటే గాల్లో పల్టీలు కొడుతుంది, అప్పుడు పిడి కొంచెం కత్తిరించి మళ్లీ చూడండి.

కాగితాలు ఇప్పుడు పంచుతున్నారు. ఒక్కొక్కరికీ రెండు. మొదటిది పాడైనా పరవాలేదు, గట్టిగా గోరు పెట్టి మడవండి.