కనిపించని పులుల లెక్క

అందరికీ నమస్కారం. అడవి జంతువుల మీద పరిశోధన అనగానే జీపు, టోపీ, బైనాక్యులర్స్ గుర్తొస్తాయి కదా, నిజానికి ఆ పనిలో ఎక్కువ టైమ్ తినేసేవి పేడ, లెక్కలు. ఈ రోజు ఒక్క మనిషి గురించే మాట్లాడతాను, పులుల్ని లెక్కపెట్టే శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ గురించి.

ఈయన చదివింది జువాలజీ కాదు. సూరత్కల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్, 1971లో పూర్తి చేశారు. కొన్నాళ్లు ఉద్యోగం, కొన్నాళ్లు వ్యవసాయం, పులుల పిచ్చి మాత్రం వదల్లేదు. నలభై ఏళ్ల వయసులో, 1988లో, ఫ్లోరిడా యూనివర్సిటీలో ఎమ్మెస్ ముగించి, 1993లో మంగళూరు యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. కాబట్టి "మాది వేరే బ్రాంచి సార్" అని దిగులు పడేవాళ్లు కాస్త స్థిమితపడొచ్చు.

అప్పట్లో మన దేశంలో పులుల్ని అడుగుజాడలతో లెక్కపెట్టేవారు. పాదముద్ర మీద గాజు పలక పెట్టి, అంచు వెంట గీసి, దాన్ని కాగితం మీదకు ఎక్కిస్తే, ఆ గీతలు చూసి ఇది ఫలానా పులి అని తేల్చేసేవారు. అదే పులి తడి మట్టిలో ఒకలా, మెత్తని దుమ్ములో ఇంకోలా అడుగు వేస్తుందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కారంత్ బోనులో ఉన్న పులుల ముద్రలే గీయించి, ఇవి ఎన్ని పులులవో చెప్పండని అనుభవం ఉన్నవాళ్ల చేతికే ఇచ్చారు. ఒక్కరి జవాబూ సరిపోలేదు.

మరి దారేంటి? కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఆయన పులులు నడిచే బాటకు అటొకటి ఇటొకటి కెమెరాలు బిగించారు, ముందు నుంచి ఏదైనా నడిస్తే వాటంతట అవే ఫొటో తీసేవి. రెండెందుకంటే పులి కుడి డొక్క మీది చారలు, ఎడమ డొక్క మీది చారలు ఒకేలా ఉండవు. అన్ని పులులూ కెమెరాకు చిక్కవు, అదే అసలు చిక్కు. ఇక్కడే చేపల మీద ఎప్పటి నుంచో వాడుతున్న ఒక లెక్క పనికొచ్చింది. ఊరికే ఉదాహరణకు, మొదటి విడతలో 20 పులులు పడ్డాయనుకోండి. రెండో విడతలో 15 పడితే అందులో 10 పాతవే. అంటే మూడింట రెండు వంతులు మనకు ముందే తెలిసినవి. అలాగైతే ఆ 20 కూడా మొత్తంలో మూడింట రెండు వంతులే, మొత్తం 30 ఉండాలి. రెండు విడతల్లో కలిపి మనం చూసింది 25నే, మిగతా అయిదు పులుల్ని చూడనే లేదు, అయినా లెక్కలోకొచ్చాయి! అసలు మోడల్స్ ఇంత సులువు కాదు లెండి, కొన్ని పులులు కెమెరా దగ్గరికే రావు, దానికీ సవరణ ఉంటుంది. నాగరహొళె ఫలితాలు 1995లో పేపర్‌గా వచ్చాయి, తర్వాత జిమ్ నికోల్స్ అనే గణాంకవేత్తతో కలిసి పద్ధతిని ఇంకా బిగించారు.

పేడ సంగతి చెప్తానన్నాను కదా. పులి మలాన్ని కడిగి, మిగిలిన వెంట్రుకల్ని మైక్రోస్కోప్ కింద పెడితే అది దుప్పిని తిన్నదా, కణుజునా, అడవిదున్ననా తెలిసిపోతుంది. ఒక పులికి ఏడాదికి దాదాపు 50 జంతువులు కావాలి. మందలో పదో వంతే దాని నోట్లోకి పోవాలంటే, ఒక్క పులి వెనక 500 జంతువులుండాలి. వేటగాడు పులిని ముట్టకపోయినా, దుప్పుల్ని ఖాళీ చేస్తే చాలు, పులి పోయినట్టే.

రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో అదీ ఇదీ కాదు, వేటతో పులులే తుడిచిపెట్టుకుపోయాయి, కాగితాల మీద మాత్రం ఉన్నాయి. 2005లో ఆ గొడవ దేశమంతా పాకాకే అడుగుజాడల లెక్కకు తెరపడింది, 2006 నుంచి జాతీయ గణనలోకి కెమెరాలొచ్చాయి. ఆ కొత్త పద్ధతితోనూ కారంత్ తగువు పడుతూనే వచ్చారు, అది వేరే కథ.

ఆ 2006 గణనలో తేలింది 1,165 నుంచి 1,657 మధ్య అని. న్యూస్‌పేపర్లలో వచ్చింది 1,411 ఒక్కటే.