ఎముకకు పందిరి

శ్రోతలకు నమస్కారం.

పన్ను ఊడి ఏళ్లు గడిచాక ఇంప్లాంట్ పెట్టించుకుందామని వెళ్తే, డెంటిస్టు ఎక్స్‌రే చూసి "ఇక్కడ ఎముక అరిగిపోయిందండీ, ముందు బోన్ గ్రాఫ్ట్ వేయాలి" అంటారు. అరిగిన చోట నింపడానికి చిన్న సీసాలో తెల్లటి రవ్వ చూపిస్తారు. ఖరీదు విని ఉలిక్కిపడతాం గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. చాలాసార్లు అది పశువు ఎముక.

అన్నిటికంటే మంచిది మన ఎముకే. కానీ దాన్ని తుంటి నుంచో గడ్డం నుంచో తీయాలంటే ఇంకో చోట కోత పెట్టాలి. అందుకే జంతువుల వైపు చూడటం. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1668లో అచ్చయిన యోబ్ వాన్ మేకెరెన్ అనే డచ్ సర్జన్ పుస్తకంలో ఒక రష్యన్ కథ ఉంది. తలకు గాయమైన మనిషికి కుక్క పుర్రె ముక్కతో అతుకు వేశారట. గాయం మానింది గానీ, చర్చి అతన్ని వెలివేసింది.

ఎముకలో మూడింట రెండు వంతులు ఖనిజం. మిగతాది ఎక్కువగా కొల్లాజెన్ అనే ప్రోటీన్. మన శరీరం తిరగబడేది పరాయి కణాల మీద, ప్రోటీన్ల మీద. కాబట్టి తయారీ అంతా తీసేసే పనే. కీళ్ల దగ్గర గుల్లగా ఉండే ఎముకను తీసుకుని, మూలుగు, కొవ్వు కడిగేసి, ఘాటైన క్షారంలో నానబెట్టి, 300 డిగ్రీల దాకా వేడి చేసే పద్ధతి ఒకటి. నేరుగా కొలిమిలో కాల్చేది ఇంకొకటి. కాలుస్తుంటే ఎముక ముందు నల్లబడుతుంది, తర్వాత బూడిద రంగుకు తిరిగి, చివరికి సుద్దలా తెల్లబడుతుంది. 1000 డిగ్రీలు దాటితే మాత్రం ఆవంలో కుండలా గట్టిపడిపోతుంది, అలాంటి ముక్కను శరీరం అంత సులువుగా కరిగించుకోలేదు.

ఇంత చేశాక మిగిలేది ఖనిజం, దాని నిండా సన్నటి చిల్లులు. అసలు విలువ ఆ చిల్లులదే. బీరపాదుకు పందిరి వేసినట్టన్నమాట. రక్తనాళాలు వాటిలోకి పాకుతాయి, వాటి వెంట మన కణాలు వచ్చి కొత్త ఎముక కడతాయి.

బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బు బయటపడ్డాక ఇంకో టెన్షన్ పట్టుకుంది. ఆ జబ్బుకు కారణమైన ప్రియాన్ అనే చెడిన ప్రోటీన్ మామూలు వేడికి నశించదు. అందుకే ఎముక ఏ దేశపు మందదన్నది ముఖ్యమైపోయింది.

పశువులే కాదు, పగడాలూ పనికొస్తాయి. 1974లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో డెల్లా రాయ్ బృందం, కాల్షియం కార్బొనేటుతో తయారైన పగడాన్ని ఫాస్ఫేటు ద్రావణంలో వేడికీ ఒత్తిడికీ గురిచేసి, చిల్లుల ఆకారం చెడకుండా ఎముక ఖనిజంగా మార్చింది. మన దగ్గర పగడాలు ఏరడం చట్టం ఒప్పుకోదు. కానీ చిలక పంజరాల్లో కట్టే సముద్రపు నురుగు ఉంది కదా, అది నిజానికి కటిల్‌ఫిష్ వీపులోని పెంకు. దాన్నీ ఇలాగే మార్చవచ్చు. మనం చెత్తలో పారేసే గుడ్డు పెంకులోనూ నూటికి 95 పాళ్లు ఇదే కాల్షియం కార్బొనేటు. ప్రయోగశాలల్లో దాన్నుంచీ చేస్తున్నారు. అయితే గుడ్డు పెంకుతో వచ్చేది పొడే. పందిరి మనమే కట్టుకోవాలి.

నాకు నచ్చని విషయం ఒకటుంది, దేనితో చేసిందో చెప్పకుండా వేసేయడం. ఆవు ఎముక వద్దనుకునేవాళ్లు, రవ్వ మీద కప్పే పంది కొల్లాజెన్ పొర వద్దనుకునేవాళ్లు మన మధ్య ఎందరో ఉన్నారు. వేసేముందు చెప్పడం డాక్టరు బాధ్యత. చెప్పకపోతే మీరే అడగండి. జంతువు ప్రసక్తి లేని కృత్రిమ రవ్వలూ దొరుకుతాయి. ఏది దేనితో చేశారన్నది దాంతోపాటు వచ్చే కాగితం మీద రాసే ఉంటుంది.