సాక్సోఫోన్ సోలోకి మాటలు

శ్రోతలందరికీ నమస్కారం.

బాణీ ముందు, మాటలు తరువాత అనే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మన సినిమా కవులకు అది రోజూ ఉండే పనే. అయితే జాజ్ సంగీతంలో ఇంతకంటే చిత్రమైన పని ఒకటుంది. ఒక వాద్యకారుడు స్టూడియోలో నిలబడి, అప్పటికప్పుడు తోచినట్టు వాయించిన సోలో ఉంటుంది. దాన్ని రికార్డులో పదే పదే విని, ఒక్క స్వరమూ వదలకుండా మాటలు కూర్చి పాడతారు. దీన్ని వోకలీస్ అంటారు. అర్థంలేని అక్షరాలతో గొంతును వాద్యంలా పరుగెత్తించే ‘స్కాట్’ అనే పద్ధతి వేరు. ఇక్కడ మాటకు అర్థం ఉండాలి, స్వరం రికార్డులో ఉన్నచోటే పడాలి.

త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు విన్నవారికి ఇది కొంత పోల్చుకోగలిగిన సంగతే. చరణంలో ముందు స్వరాలు పాడి, వెంటనే అదే వరస మీద సాహిత్యం పాడతారు కదా! కాకపోతే అక్కడ స్వరమూ సాహిత్యమూ త్యాగయ్యవే. ఇక్కడ స్వరం ఒకరిది, మాట ఇంకొకరిది. పైగా వాయించినాయనకు తన సోలో ఏనాడో పాటవుతుందన్న ఊహ కూడా ఉండదు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ‘ట్విస్టెడ్’. టెనర్ సాక్సోఫోన్ విద్వాంసుడు వార్డెల్ గ్రే 1949లో ప్రెస్టీజ్ అనే రికార్డుల కంపెనీకి రికార్డు చేసిన బ్లూస్ ఇది. బ్లూస్ అంటే ఏడుపు పాట అనుకుంటారు చాలామంది. జాజ్ వాళ్లకి అది ముందుగా ఒక చట్రం. మొత్తం పన్నెండు బార్లు (బారు అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది, బీటు అంటే ఒక దెబ్బ), బారుకు నాలుగు బీట్ల చొప్పున 48 బీట్లు. అయిపోగానే మళ్లీ మొదటికి వస్తారు. పాత బ్లూస్ గాయకులు ఈ పన్నెండింటినీ మూడు ముక్కలు చేసి, మొదటి నాలుగు బార్లలో ఒక మాట అంటారు, తరువాతి నాలుగింట్లో అదే మాట మళ్లీ అంటారు, చివరి నాలుగింట్లో దానికి ముక్తాయింపు ఇస్తారు. ప్రతి ముక్కలోనూ పాట సుమారు రెండు బార్లలోనే అయిపోతుంది. మిగిలిన రెండింట్లో గిటారో పియానోనో బదులు చెబుతుంది. గాయకుడు ఆ సందులో ఊపిరి తీసుకుంటాడు.

సోలోని పాడేవారికి ఆ వెసులుబాటు ఉండదు. అడిగేదీ తనే, బదులిచ్చేదీ తనే. సాక్సోఫోన్ ఆగినచోట తప్ప ఇంకెక్కడా ఆగడానికి వీల్లేదు. అదృష్టవశాత్తూ అది కూడా ఊపిరితో వాయించే వాద్యమే కాబట్టి గ్రే ఎక్కడో ఒకచోట గాలి పీల్చుకోక తప్పలేదు. అదే పియానో సోలో అయితే పాడేవారి గతి ఏమయ్యేదో!

1952లో గాయని ఆనీ రాస్ దీనికి మాటలు రాసి పాడారు. అప్పటికి ఆవిడ వయసు 22. పాటలో ఒకావిడ ఉంటుంది. మానసిక వైద్యుడు ఆవిడకి మతి సరిగా లేదని తేల్చాడు. ఆవిడ ఒప్పుకోదు. తన చిన్ననాటి తెలివితేటలన్నీ ఏకరువు పెడుతుంది. డబుల్ డెక్కర్ బస్సులో పైకి ఎక్కనంటే పిచ్చిపిల్ల అన్నారట. పైన డ్రైవర్ లేడు కదా, మరి ఎలా ఎక్కడం అని ఆవిడ వాదన! ఆనీ రాస్ గడుసుతనమంతా ఇక్కడే కనిపిస్తుంది. గ్రే వాయింపు వేగంగా, గుక్క తిప్పుకోకుండా సాగుతుంది. అలాంటి స్వరాలకు ప్రేమ కవిత్వం రాస్తే ఎబ్బెట్టుగా ఉండేది. తన మతి బాగానే ఉందని గబగబా వాదించే మనిషి మాటలు పెట్టేసరికి ఆ వేగానికి ఒక కారణం దొరికింది. స్వరం పైకి ఎగిరినచోట ఆవిడ గొంతు చిరాగ్గా లేస్తుంది, కిందికి దిగినచోట సణుగుతుంది. గ్రే 1955లో, 34 ఏళ్లకే పోయాడు. ఆయన పేరు వినని వాళ్లకు కూడా ఈ పాట వల్ల ఆయన సోలో నోటికి వచ్చు. 1974లో వచ్చిన తన ఆల్బమ్‌లో గాయని జోనీ మిచెల్ కూడా దీన్ని పాడారు.

ఈ విద్యకు ఆద్యుల్లో ఎడ్డీ జెఫర్సన్ ఒకరు. ఆయన ట్యాప్ డాన్సర్ కూడా, కాబట్టి లయ కాళ్లలోనే ఉంది. సాక్సోఫోన్ విద్వాంసుడు జేమ్స్ మూడీ 1949లో స్వీడన్‌లో వాయించిన ఒక సోలోకి జెఫర్సన్ రాసిన మాటల్ని, గాయకుడు కింగ్ ప్లెజర్ 1952లో పాడితే పెద్ద హిట్ అయింది. ఆ తరువాత మరో సాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ వాయించిన బ్లూస్‌ని కూడా ఇదే కింగ్ ప్లెజర్ మాటలతో పాడాడు. 1957లో డేవ్ లాంబర్ట్, జాన్ హెండ్రిక్స్, ఆనీ రాస్ కలిసి కౌంట్ బేసీ జాజ్ ఆర్కెస్ట్రాలోని ఊదే వాద్యాల భాగాలన్నీ గొంతులతోనే పాడేశారు. ముగ్గురే ఒకదాని మీద ఒకటి పొరలుగా రికార్డు చేసుకుంటూ పోయారు. అది వినాల్సిందే, చెబితే చాలదు.

పాడే అలవాటున్నవారు ‘ట్విస్టెడ్’ ప్రయత్నించదలిస్తే ముందు మాటల జోలికి పోకండి. గ్రే రికార్డు పెట్టుకుని కొన్నాళ్లు ఉత్తినే కూనిరాగం తీయండి. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో గుర్తుపెట్టుకుని అక్కడే మీరూ తీసుకోండి. తరువాత మాటల్ని రాగం లేకుండా, లయలో చదవండి. వేగమైన చోట్లు వచ్చేసరికి టెన్షన్‌తో అందరూ ముందుకు ఉరుకుతారు. అప్పుడు గొంతును కాదు, పాదాన్ని నమ్ముకోండి. పాదం బీటు తప్పకుండా పడుతుంటే, ఒక అక్షరం మింగేసినా తరువాతి బారులో కలుసుకోవచ్చు.

సెలవు, నమస్కారం.