కెమెరాలకు వంతులు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను ఇప్పటికే పరిచయం చేశారు, మళ్ళీ ఆ పని చెయ్యను. 1839లో ఇదే ఆగస్టు 19న ఫొటో తీసే తొలినాటి పద్ధతుల్లో ఒకటైన డాగెరోటైప్‌ను పారిస్‌లో బహిరంగంగా వెల్లడించారు, అందుకే ఇవాళ మన పండగ, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. నన్ను ఫొటోగ్రఫీ చరిత్ర మీద మాట్లాడమన్నారు. చరిత్ర అయిపోయింది. ఇక ఫంగస్ గురించి మాట్లాడతాను.

నవ్వకండి. మనది విశాఖ, సముద్రం ఒడ్డు. గాలిలో తేమ ఎక్కువైతే బీరువాలో మూసిపెట్టిన లెన్సులో సన్నటి దారాల్లా ఫంగస్ పాకుతుంది. వదిలేస్తే గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది. తోలు కవర్‌లో భద్రంగా దాచిన వాళ్ళు చేతులెత్తండి. చూశారా, సగం హాలు! ఆ తోలే తేమను పట్టి ఉంచుతుంది.

"ఇన్ని కెమెరాలు ఎందుకండీ?" అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. జెనిట్, పెంటాక్స్ కె1000, ఒక డిజిటల్ నికాన్. ఎన్నున్నా ఫరవాలేదు, వంతులవారీగా బయటికి తీస్తే చాలు.

జెనిట్ అన్నాను కాబట్టి దాని సంగతి చెప్పాలి. మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లో తయారైన సరుకు. దాని హీలియోస్ 58 ఎంఎం లెన్సుతో తీస్తే వెనక ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి. అందులో చిన్న మచ్చ కనిపిస్తే ఒక షాపులో క్లీనింగ్‌కి ఇచ్చాను. ఏం పెట్టి రుద్దారో గానీ ముందు గాజు మీద కోటింగ్ మొత్తం లేచిపోయింది. పైగా ఆయన, "ఇప్పుడెలా మెరుస్తోందో చూడండి సార్" అన్నాడు. మెరవదా మరి! ఆ మెరుపు ఆపడానికే కదయ్యా కోటింగ్ వేసేది! ఎండకెదురుగా పెడితే ఇప్పుడు బొమ్మంతా తెల్లగా పాలిపోతోంది. డబ్బులు కూడా తీసుకున్నాడు.

సరే, ఎక్కడున్నాం? వంతులు. పాత మెకానికల్ షట్టర్‌ని, అంటే వెలుతురును లోపలికి వదిలే తెరని, వాడకపోతే లోపలి గ్రీజు గట్టిపడి నెమ్మదిస్తుంది. కె1000 అయితే సెకను నుంచి 1/1000 దాకా అన్ని స్పీడుల్లోనూ అప్పుడప్పుడు కొట్టండి. పక్కన పెట్టేటప్పుడు బ్యాటరీ తీసెయ్యండి, కారిపోతుంది. తేమను అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది.

కొత్త మోడల్ రాగానే పాతది అమ్మేసే కుర్రాళ్ళను తిట్టమని మా సెక్రటరీ గారు చెప్పారు. తిట్టను. అమ్మితే ఇంకొకడు వాడుకుంటాడు. నా గొడవంతా దాచేవాళ్ళతోనే.

ఆదివారం పొద్దున్నే పూర్ణా మార్కెట్ దగ్గరికి రండి. బీరువాలో ఏది ఉంటే అది తెచ్చుకోండి. ఫిల్మ్ మాత్రం నన్నడగొద్దు, రోలు ధర మీకు తెలుసు.