గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలి?

(తెరపై: రెండంతస్తుల డాబా ఇల్లు. కింద ఒక గది, సరిగ్గా దాని మీద మరో గది.)

నమస్కారం. విజయవాడలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. రెండు గదులూ పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అంటే 120 చదరపు అడుగులు. దుకాణంలో ఈ కొలత చెబితే రెండింటికీ ఒక టన్ను ఏసీ సరిపోతుందంటారు. కింది గదికి ఆ మాట నిజమే కానీ, మే నెలలో పై గదిలో పడుకునేవారికి అది చాలకపోవచ్చు.

(తెరపై: కరుగుతున్న మంచు దిమ్మె.)

టన్ను అన్నది ఏసీ బరువూ కాదు, గది వైశాల్యమూ కాదు. సుమారు 907 కిలోల మంచు ఒక రోజులో పూర్తిగా కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని అదే వ్యవధిలో గదిలోంచి బయటికి పంపే శక్తిని ఒక టన్ను అంటారు. వాట్లలో చెప్పాలంటే అది దాదాపు 3,500. కాబట్టి గది ఎంత పెద్దదన్న ప్రశ్నతో పాటు, దానిలోకి ఎంత వేడి వస్తోందన్నది కూడా తప్పక చూడాలి.

(తెరపై: ఎండలో కాలుతున్న స్లాబు.)

పై గదికి అసలు చిక్కు స్లాబే. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఏ పూతా లేని స్లాబు అయితే ఇంత చిన్న గదికి కూడా దాదాపు పావు టన్ను భారం అదనంగా పడవచ్చు. దానికి తోడు పడమటి గోడ మీద నీడ లేకపోయినా, పరదాల్లేని పెద్ద కిటికీ ఉన్నా భారం ఇంకా పెరుగుతుంది. మనుషుల సంగతి చూస్తే, ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది కనుక, ఇద్దరు పడుకునే గదిని, పదిమంది చేరే హాలును ఒకే లెక్కతో కొలవకూడదు. వంటగదికి తలుపు లేకుండా కలిసిపోయిన హాలైతే రెండింటి వైశాల్యాన్నీ కలిపే లెక్కించాలి.

ఇవన్నీ చూస్తే పై గదికి ఒకటిన్నర టన్ను తీసుకోవడం సబబు. అయితే ఏసీ కొనక ముందే డాబా మీద ఎండను వెనక్కి తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించడం మేలని నా అభిప్రాయం. ఆ ఖర్చు ఏసీ లేని గదులకూ ఉపకరిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించడానికి కారణం కూడా ఈ స్లాబుల వేడే.

(తెరపై: చిన్న గదిలో పెద్ద ఏసీ.)

మరి ఎందుకైనా మంచిదని కింది గదికి రెండు టన్నులు పెడితే? విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల ఎండతో పాటు ఉక్కపోత కూడా బాధిస్తుంది. ఏసీ కొంతసేపు ఆగకుండా నడిస్తేనే గాలిలోని తేమ నీరై బయటికి పోతుంది. మరీ పెద్ద ఏసీ గాలిని చప్పున చల్లబరిచి, తేమ తగ్గకముందే కంప్రెసర్‌ను ఆపేస్తుంది కాబట్టి గది చల్లగా ఉన్నా ఒళ్లు జిగటగానే ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ కంప్రెసర్‌ను ఆపకుండా దాని వేగం తగ్గించుకోగలదు కనుక ఈ ఇబ్బంది కొంత తక్కువే అయినా, ఆ తగ్గింపునకూ ఒక హద్దు ఉంది.

(తెరపై: స్టార్ లేబుల్.)

కొనేటప్పుడు నక్షత్రాలను లెక్కపెట్టి ఊరుకోకుండా, లేబుల్ మీద వాట్లలో ఉన్న శీతలీకరణ సామర్థ్యాన్ని కూడా చదవండి. లెక్క ప్రకారం ఒకటిన్నర టన్ను అంటే దాదాపు 5,275 వాట్లు కాగా, ఆ పేరుతో అమ్ముడయ్యే కొన్ని ఏసీల సామర్థ్యం 5,000 లోపే ఉంటుంది. పైగా ఆ సంఖ్య బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అదే ఏసీ అంత వేడిని బయటికి పంపలేదు. అలాంటి ఊళ్లలో మీ లెక్క రెండు పరిమాణాల మధ్య తేలితే పెద్దదాన్నే ఎంచుకోండి. బయటి యూనిట్‌ను గాలి ఆడని ఇరుకు సందులో బిగిస్తే, వదిలిన వేడినే అది మళ్లీ పీల్చుకుంటుంది కాబట్టి, దాని చోటు ఎక్కడో కూడా కొనకముందే చూసుకోండి.